కరగని గాలియం

ఆ వీధికంతా దీపాల కొట్టు ఒక్కటే. దాని యజమానికి పుట్టినప్పుడు ఏ పేరు పెట్టారో గానీ, వీధిలో అందరూ ఆయన్ని గ్యారంటీగారనే పిలిచేవారు. బల్బు కొనడానికి ఎవరొచ్చినా ఆయన దాన్ని హోల్డరులో పెట్టి వెలిగించేవాడు. ఆర్పి, మళ్లీ వెలిగించి, పొట్లం కట్టి, "తీసుకెళ్లండి. మీరు పోవాలి గానీ ఇది పోదు" అనేవాడు. కొనేవాళ్లు ఆ మాటకి సంతోషించాలో భయపడాలో తెలియక పొట్లం పుచ్చుకుని వెళ్లిపోయేవారు.

అయినా బల్బులు పోయేవి. వాటికి గ్యారంటీగారి మాట వినపడదు కదా. పోయిన బల్బు పట్టుకుని ఎవరైనా మెట్టెక్కితే చాలు, ఆయన చటుక్కున లేచి వాళ్ల భుజం మీద చెయ్యి వేసి లోపలికి నడిపించేవాడు. కొత్తది చేతిలో పెట్టి, "కరెంటులో హెచ్చుతగ్గులండీ, బల్బు తప్పు కాదు. బయట ఎక్కడా అనకండి" అని గొంతు తగ్గించేవాడు. పాతది అట్టపెట్టెలో పడేది. అట్టపెట్టె నిండితే మేడ మీది గదిలోకి చేరేది. ఆ గదికి ఎప్పుడూ తాళమే. అందులో ఏముందని అడిగితే "పాత సామాను" అనేవాడు. అసలు సంగతి ఆయన భార్యకొక్కతెకే తెలుసు. ఆవిడ ఆ గది ఖాళీ చెయ్యమని అడిగి అడిగి నోరు నొప్పి పుట్టి ఊరుకుంది.

వాళ్లకి ఒక్కతే కూతురు. పళ్ల డాక్టరు. ఎదుటివాళ్ల చేత నోరు తెరిపించడం ఆమె వృత్తి. ఇంట్లో కూడా ఆమె ముందు ఎవరి అబద్ధమూ పూట దాటి నిలిచేది కాదు. పైగది ఒక్కటే మినహాయింపు. పాత సామాను మీద ఆమెకి ఆసక్తి లేకపోవడం తండ్రి అదృష్టం.

ఆమెకి లోహాల ఇంజనీరుతో పెళ్లి జరిగింది. సంబంధం మాట్లాడేటప్పుడు "అబ్బాయి లోహాల్లో పనిచేస్తున్నాడు" అంటే గ్యారంటీగారు బంగారమేమో అనుకున్నాడు. బంగారం కాకపోతే ఇనుమైనా అయ్యుంటుందని సరిపెట్టుకున్నాడు. పెళ్లయిన ఏడాదికి అల్లుడు ఉద్యోగం మానేశాడు. ఊరి చివర రేకుల షెడ్డు ఒకటి అద్దెకి తీసుకుని, పోయిన ఎల్ఈడీ బల్బుల్ని కాల్చి, నూరి, ఆ బూడిదలోంచి లోహాలు తీస్తానన్నాడు. ఆ వారం తిరక్కుండానే వీధి అతనికి బూడిదల్లుడని పేరు పెట్టేసింది.

"బూడిదలో పోసిన పన్నీరు అని సామెత విన్నానే గానీ, దాన్ని ఇంటికి అల్లుణ్ణి చేసుకుంటాననుకోలేదు" అని గ్యారంటీగారు భార్య దగ్గర వాపోయాడు.

"అతను బూడిదే చేస్తున్నాడు. మీరు దాచిపెడుతున్నారు. నాకు అతనే నయమనిపిస్తోంది" అందావిడ.

కొత్త దంపతులు మంచి అద్దె ఇల్లు దొరికేదాకా అని ఆ మేడలోనే దిగారు. కింద కొట్టు, మధ్య అంతస్తులో ఇల్లు, పైన తాళం వేసిన గది. ఇల్లు వెతకడం కొన్నాళ్లు జోరుగా సాగింది, కొన్నాళ్లు నీరసంగా సాగింది, ఆ తర్వాత ఎవరూ ఆ మాటే ఎత్తలేదు. అలా మామా అల్లుళ్లు రోజూ ఒకే బల్ల దగ్గర భోజనానికి కూర్చోవాల్సి వచ్చింది.

ఒకరోజు భోజనాల దగ్గర అల్లుడు మొహమాటపడుతూనే అడిగాడు.

"మామయ్యగారూ, మీ కొట్లో పోయిన బల్బులేమైనా ఉంటాయా?"

గ్యారంటీగారి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. డాక్టరుగారింటికి ఎవరో భోజనానికొచ్చి, మీ దగ్గర శవాలేమైనా ఉన్నాయా అని అడిగినట్టనిపించింది ఆయనకి.

"మా కొట్లో బల్బులు పోవు, అల్లుడుగారూ."

"ఏదో ఒకటీ అరా..."

"పోవన్నాను కదా."

అత్తగారు ఒక్కసారి పైకప్పు వంక చూసి, "ఇంకాస్త కూర వెయ్యనా బాబూ" అంది.

అల్లుడు మళ్లీ అడగలేదు. గోనెసంచులు వేసుకుని ఊరి మీద పడ్డాడు. సినిమా హాళ్లు, ఆస్పత్రులు, ఆఫీసులు, ఎక్కడ దీపం ఆరితే అక్కడికి వెళ్లాడు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, రోజూ తన నెత్తి మీదున్న గది కిందే పడుకుని లేచి, బల్బుల కోసం ఊరి అవతలికి పోయేవాడు.

అతని పని చూసేవాళ్లకి పిచ్చిగానే కనిపించేది. బల్బు పగలగొడితే లోపల రేకు బిళ్ల మీద పసుపు చుక్కలు ఉంటాయి. అతనికి కావలసింది ఆ చుక్కలే. పసుపు రంగుకి కారణమైన పొడిలో ఇట్రియం, సీరియం అనే లోహాలుంటాయి. ఆ పొడి కింద ఆవగింజలో ముక్కంత చిప్పు, దానికి వెంట్రుక కన్నా సన్నని బంగారు తీగ. ఆ చిప్పు పైపొరలో కంటికి ఆననంత గాలియం, ఇండియం. భూమిలో ఇవి కుప్పలుగా దొరికేవి కావు. ఎక్కడో ఏదో తవ్వుతుంటే వెంట వచ్చేవే. అలాంటివాటిని ఒకసారి తవ్వి తీసి, దీపంలో పెట్టి, దీపం ఆరగానే చెత్తలో పారేస్తున్నామని అతని బాధ. గ్యారంటీగారికి ఆ బాధ అర్థం కాలేదు. కొండను తవ్వి ఎలుకను పట్టేవాణ్ణి చూశాం గానీ, ఎలుకను తవ్వి కొండ తీస్తానంటాడేమిటని ఆయన విసుక్కున్నాడు.

నెలల తరబడి కాల్చగా, నూరగా, ఆమ్లంలో నానబెట్టగా, ఆ ద్రావణానికి కరెంటు పెట్టగా చివరికి శనగగింజంత గాలియం తేలింది. అల్లుడు దాన్ని చిన్న గాజు డబ్బాలో పెట్టుకుని, పుట్టిన పాపను ఆస్పత్రి నుంచి తెచ్చినంత జాగ్రత్తగా ఇంటికి తెచ్చాడు.

"ఇదేనా?" అన్నాడు గ్యారంటీగారు కళ్లజోడు పెట్టుకుని.

"ఇదే. గాలియం."

"గాలి అని పేరులోనే ఉంది. ఇన్ని నెలలు కష్టపడి బూడిదలోంచి గాలి తీశారన్నమాట."

అల్లుడు నొచ్చుకున్నా పైకి కనపడనీయలేదు. "చిప్పులు చేసే కంపెనీ నుంచి కొనుగోలు అధికారి ఒకావిడ ఈ వారంలోనే వస్తున్నారండీ. దీన్ని చూసి నచ్చితే మనతో ఒప్పందం చేసుకుంటారు. దయచేసి దీన్ని ఎవరూ చేత్తో తాకకండి. ఒంటి వేడికే కరిగిపోతుంది" అని, డబ్బాను తీసుకెళ్లి ఫ్రిజ్‌లో పై అరలో పెట్టాడు.

గ్యారంటీగారు నమ్మలేదు. లోహం కరగాలంటే కొలిమి కావాలని ఆయనకి చిన్నప్పటినుంచీ తెలుసు.

కొట్టుకి ఎదురుగా ఒక దర్జీ ఉండేవాడు. చేతిలో పని లేనప్పుడు వచ్చి గ్యారంటీగారి బల్ల మీద కూర్చోవడం అతని అలవాటు. పని ఉన్నప్పుడు కూడా వచ్చేవాడు. నోట్లో నువ్వుగింజ నానని మనిషి. ఆ వారం మొదట్లో వచ్చి, కాలు మీద కాలు వేసుకుని, "ఏమండీ గ్యారంటీగారూ, మీ బూడిదల్లుడు ఇంతకీ ఏమైనా తీశాడా, లేక మొహానికి రాసుకోవడానికేనా?" అని నవ్వాడు.

గ్యారంటీగారికి ఎక్కడో కాలింది. తాను రోజూ అంటున్న మాటలే. అయినా బయటివాడి నోట వింటే వేరే రకంగా వినపడ్డాయి.

"కూర్చో. కదలకు" అని, గబగబా మేడెక్కి, ఫ్రిజ్ తెరిచి, డబ్బాతో దిగొచ్చాడు. మూత తీసి, ఆ గింజను అరచేతిలో వేసుకుని దర్జీ ముక్కు కింద పెట్టాడు. "చూశావా? ఇది దొరక్కే పెద్ద పెద్ద కంపెనీలు అల్లాడిపోతున్నాయి. నా అల్లుడు తీశాడు."

"బాగానే మెరుస్తోందండీ" అని దర్జీ ఒప్పుకున్నాడు. తర్వాత కళ్లు పెద్దవి చేశాడు. "ఏమండీ, అది చెమట పడుతోంది."

"లోహానికి చెమటేమిట్రా?"

అనేలోపే గింజ అంచులు మెత్తబడి, అది అరచేతిలో పాదరసంలా పారింది. గ్యారంటీగారు కెవ్వున అరిచి చెయ్యి వంచాడు. వంచకుండా ఉండాల్సింది. గాలియం వేళ్ల సందుల్లోంచి జారి, బల్బుల అరల కింద నిలబెట్టి ఉన్న అల్యూమినియం నిచ్చెన మొదటి మెట్టు మీద పడింది. ఆయన తుడిచిన కొద్దీ అది చుక్కలయింది. విజిటింగ్ కార్డుతో ఎత్తబోతే, ఏళ్ల తరబడి చెప్పుల రాపిడికి గీతలు పడ్డ ఆ మెట్టుకి ఇంకా బాగా పట్టుకుంది. చివరికి మెట్టు మీద నిగనిగలాడే మరక, అరచేతిలో బూడిదరంగు మరక మిగిలాయి.

"నేనేం చూళ్లేదండీ" అని దర్జీ జీవితంలో మొదటిసారి నోరు మూసుకుని వెళ్లిపోయాడు.

గ్యారంటీగారు కాసేపు చెమటలు కక్కాడు. ఆ తర్వాత బల్ల సొరుగులోంచి వైర్లు అతికే సోల్డరింగ్ తీగ తీసి, కాస్త కరిగించి, శనగగింజంత ఉండ చేశాడు. చల్లారాక చూస్తే అదీ తెల్లగా మెరిసింది. ఎవరు మాత్రం పోల్చుకుంటారు? డబ్బాలో వేసి మూత పెట్టి, ఫ్రిజ్‌లో యథాస్థానంలో పెట్టేశాడు. కొనుగోలు అధికారి వచ్చేలోపు మిగిలిన రెండు రోజులూ తేలు కుట్టిన దొంగలా మెలిగాడు. అల్లుడితో మర్యాదగా మాట్లాడాడు. "అల్లుడుగారూ, షెడ్డులో ఎండ ఎక్కువగా ఉంటోందేమో, గొడుగు తీసుకెళ్లండి" అని కూడా అన్నాడు. కూతురికి అప్పుడే అనుమానం రావాల్సింది, కానీ ఆ వారం ఆస్పత్రిలో జ్ఞానదంతాల కేసులు ఎక్కువగా ఉన్నాయి.

కొనుగోలు అధికారి చెప్పిన వేళ కంటే ముందే వచ్చింది. జుట్టు సగం నెరిసిన పొడుగాటి మనిషి. మోకాలు నొప్పి, మెట్లెక్కలేనని కొట్లోనే కుర్చీ వేయించుకుని కూర్చుంది. అల్లుడు పరుగున వెళ్లి డబ్బా తెచ్చాడు. ఆ రోజు సెలవు కాబట్టి కూతురు కూడా దిగొచ్చింది. అత్తగారు కాఫీ కప్పులు పట్టుకుని మెట్ల మీద నిలబడింది.

"మాటలెందుకు మేడమ్, మీరే పట్టుకుని చూడండి. రెండు నిమిషాల్లో మీ చేతిలో కరుగుతుంది" అన్నాడు అల్లుడు ఉత్సాహంగా.

ఆవిడ ఉండను అరచేతిలో వేసుకుని గుప్పిట మూసింది. అందరూ ఆ గుప్పిట వంకే చూశారు. గోడ మీద గడియారం టకటకలాడింది. ఆవిడ గుప్పిట తెరిచింది. ఉండ చెక్కుచెదరలేదు.

"ఫ్రిజ్‌లోంచి ఇప్పుడే తీశాం కదండీ. ఇంకాసేపు పట్టుకోండి."

ఇంకాసేపు పట్టుకుంది. ఉండలో చలనం లేదు.

"మేడమ్ చెయ్యి కాస్త చల్లగా ఉన్నట్టుంది" అంది అత్తగారు సాయం చేద్దామని.

"నాకివ్వండి" అని అల్లుడు తీసుకుని రెండు చేతుల మధ్యా పెట్టి రుద్దాడు. నోటితో ఆవిరి ఊదాడు. చంక కింద కూడా పెట్టుకునేవాడే గానీ, మేడమ్ ఉందని మానుకున్నాడు. అతని ముఖానికి పట్టిన చెమట చూస్తే అతనే ముందు కరిగేలా ఉన్నాడు.

"మామయ్యగారూ, మీ చెయ్యి వేడిగా ఉంటుంది. ఒకసారి పట్టుకోండి."

గ్యారంటీగారు వెనక్కి ఒక అడుగు వేశాడు. "నాకు... నాకెందుకు బాబూ. మేడమ్‌గారు మొదటిసారి మన కొట్టుకొచ్చారు. అసలు వెలుతురంటే ఏమిటో చూపించాలి కదా. పై అరలో కొత్త రకం దీపం ఉంది, తీసుకొస్తాను" అని గబుక్కున నిచ్చెన జరిపి మొదటి మెట్టు మీద కాలు వేశాడు.

మెట్టు బిస్కెట్‌లా విరిగింది. చప్పుడు కూడా పెద్దగా కాలేదు. గ్యారంటీగారు ఉన్నపళంగా నేల మీద కూలబడ్డాడు. దెబ్బేం తగల్లేదు. కానీ ఆయన ముఖం చూస్తే భూమి విచ్చుకున్నా బాగుండుననుకుంటున్నట్టుంది.

"బరువు తగ్గమని చెబుతూనే ఉన్నా" అంది అత్తగారు కప్పులు కింద పెట్టి వస్తూ.

"బరువు కాదండీ" అని కొనుగోలు అధికారి మోకాలు నొప్పి మరిచిపోయి లేచింది. విరిగిన ముక్క తీసి వేళ్లతో నలిపింది. అల్యూమినియం రేకు చెదపట్టిన చెక్కలా పొడి పొడిగా రాలింది. "గాలియం తగిలితే అల్యూమినియం ఇలాగే గుల్లబారుతుంది. నిచ్చెనకి గాలియం ఎవరు పోశారు?"

అల్లుడు విరిగిన మెట్టును చూశాడు. చేతిలోని ఉండను చూశాడు. తర్వాత మామగారిని చూశాడు.

కూతురు తండ్రి పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. "నాన్నా, చెయ్యి చూపించు."

"ఏం లేదమ్మా, నొప్పేం లేదు."

"నొప్పి గురించి అడగట్లేదు. చూపించు."

అరచేతి గీతల్లో బూడిదరంగు ఇంకా పోలేదు.

"సరే. ఇప్పుడు నోరు తెరువు" అంది ఆమె, ఆస్పత్రిలో అనే గొంతుతోనే.

గ్యారంటీగారు నోరు తెరిచాడు. అంతా చెప్పేశాడు. దర్జీ అన్న మాట, డబ్బా తీసుకురావడం, చెమట పట్టడం, సోల్డరింగ్ తీగ, ఏదీ దాచలేదు. అల్లుడు చేతిలోని ఉండను బల్ల మీద పెట్టాడు. అప్పుడడిగాడు.

"మీకు నా పని మీద నమ్మకమే లేదు కదా, మామయ్యగారూ. మరి అతనికెందుకు చూపించారు?"

"నా అల్లుణ్ణి నేను అనొచ్చు" అన్నాడు గ్యారంటీగారు నేల వంక చూస్తూ. "వాడెవడయ్యా అనడానికి?"

ఆ మాటకి అల్లుడికి కోపం పూర్తిగా పోలేదు గానీ, మిగిలిన కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చెయ్యి అందించి మామగారిని లేపాడు.

కొనుగోలు అధికారి మటుకు నవ్వు ఆపుకోలేకపోతోంది. "నాకు ఇంతకంటే మంచి రుజువు అక్కర్లేదు. మెట్టు ఇంత శుభ్రంగా గుల్లయిందంటే మీ గాలియం అసలైనదే. మిగతాది మా ల్యాబు చూసుకుంటుంది. కానీ ఒక్క విషయం. నాకు శనగగింజతో పని లేదు. నెలనెలా ఆగకుండా సరుకు రావాలి. అన్ని బల్బులు ఎక్కణ్ణుంచి తెస్తారు?"

అల్లుడి ముఖం వాడిపోయింది. ఊళ్లో వెతకాల్సిన చోటల్లా వెతికేశాడు. "ప్రయత్నిస్తానండీ..." అని నసిగాడు.

అప్పుడు మెట్ల దగ్గర తాళాల గుత్తి గలగలలాడింది.

"పైగది మీరు తీస్తారా, నన్ను తియ్యమంటారా?" అంది అత్తగారు భర్తతో.

"ఏమే, ఇప్పుడా!"

"ఇప్పుడే."

మింగలేక కక్కలేక గ్యారంటీగారు ముందు నడిచాడు. కొనుగోలు అధికారి కూడా కూతురి భుజం పట్టుకుని మెల్లగా ఎక్కింది. తాళం తీసి తలుపు తోయబోతే తెరుచుకోలేదు. అల్లుడు కూడా భుజం ఆనించాడు. తలుపు జానెడు జరిగేసరికి ఒక అట్టపెట్టె ఒరిగి, సందులోంచి బల్బులు ఒకదాని వెంట ఒకటి మెట్ల మీదుగా టకటకా దొర్లుకుంటూ కింది దాకా పోయాయి. లోపల నేల నుంచి కప్పు దాకా పెట్టెలే. పెట్టెల మధ్య గోతాలు. గోతాల మధ్య సందుల్లో విడి బల్బులు. కిటికీ ఎక్కడుందో కూడా తెలియడం లేదు.

అల్లుడు గుమ్మంలోనే చతికిలబడ్డాడు. "నేను ఎక్కని ఆఫీసు మెట్టు లేదు. వీటి కింద పడుకుని లేచాను" అని గొణిగాడు.

కొనుగోలు అధికారి ఒక బల్బు ఎత్తి చూసి అడిగింది. "ఇవన్నీ మీ కొట్లో అమ్మినవేనా?"

గ్యారంటీగారి చెవులు ఎర్రబడ్డాయి. ఇన్నేళ్ల పరువు ఆవిడ చేతిలో బల్బులా ఉంది.

అల్లుడు లేచి చేతులు దులుపుకున్నాడు. "అబ్బే, కాదు మేడమ్. మామయ్యగారి కొట్లో బల్బులు పోవు. ఇవన్నీ నాకోసం ఆయన ఊరంతా తిరిగి పోగుచేశారు. ఒప్పందం కుదిరిన రోజున చూపించి నన్ను ఆశ్చర్యపరుద్దామనుకున్నారు."

గ్యారంటీగారు తల తిప్పి అల్లుడి వంక చూశాడు. ఆ చూపులో ఏముందో అత్తగారికి మాత్రం అర్థమై, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"అవునండీ. ఎంత తిరిగానంటే చెప్పులు అరిగిపోయాయనుకోండి. అల్లుడి కోసం ఆ మాత్రం చెయ్యకపోతే ఎలా?"

కొనుగోలు అధికారి బల్బు అడుగున గుండ్రంగా వేసిన గ్యారంటీగారి కొట్టు ముద్రను వేలితో రుద్దింది. ఇంకోటి తీసి చూసింది. దాని మీదా అదే ముద్ర.

"ఊరంతా మీ దగ్గరే కొన్నట్టున్నారు" అని మాత్రం అని, బల్బును జాగ్రత్తగా పెట్టెలో పెట్టేసింది.

ఒప్పందం కుదిరింది. పెట్టెలన్నీ వ్యానుల్లో షెడ్డుకి చేరాయి. నిచ్చెన మెట్టును కూడా అల్లుడు వదల్లేదు. ఆమ్లంలో కరిగించి తన గాలియంలో చాలా భాగం తిరిగి రాబట్టుకున్నాడు. గ్యారంటీగారు కొట్టు ముందు బోర్డు కట్టించాడు: ఏ కొట్లో కొన్న బల్బయినా సరే, పోతే ఇక్కడ ఇవ్వవచ్చు. వేరే కొట్ల బల్బులు వచ్చినప్పుడు ఆయన వాటిని దర్జీకి పేరుపేరునా చూపించేవాడు.

కానీ కొత్త చిక్కొకటి వచ్చింది. సెలవు రోజుల్లో సాయం చేస్తానని గ్యారంటీగారు షెడ్డుకి వెళ్లడం మొదలుపెట్టాడు. పెట్టెలోంచి ఒక్కో బల్బూ తీసి, మూత ఊడదీసి, అడుగునున్న చిన్న సర్క్యూటును పరీక్షగా చూసేవాడు. చాలా బల్బుల్లో వెలిగే చుక్కలు బాగానే ఉండేవి. కరెంటు అందించే సర్క్యూటే పోయేది. ఆయన సోల్డరింగ్ తీగ తెప్పించాడు. సాయంత్రానికి సగం పెట్టె బల్బులు కళకళలాడుతూ వెలిగాయి.

అల్లుడు వచ్చి చూసి తల పట్టుకున్నాడు. "మామయ్యగారూ, పోయినవాటిని మీరిలా బతికించేస్తుంటే నేను నెల సరుకు ఎక్కణ్ణుంచి పంపాలి?"

"ప్రాణమున్నదాన్ని కాల్చమంటారా అల్లుడుగారూ? అసలు మీరే కదా, ఏదీ వృథా కాకూడదన్నది?"

"అన్నాను. కానీ..."

"కానీ లేదు. పట్టుకోండి, ఇది చూడండి. సోల్డరుతో ఒక్క టాకా వేస్తే ఇంకో పదేళ్లు వెలుగుతుంది."

తగాదా కూతురి దగ్గరికి వెళ్లింది. ఆమె ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, విని, తీర్పు చెప్పింది. ఒక్కో బల్బుకి నాన్న ఒక్కసారి వైద్యం చెయ్యొచ్చు. దానికీ లొంగకపోతే, లేదా బతికి మళ్లీ పోతే, మా ఆయనది. రెండో వైద్యానికి అపీలు లేదు.

ఇద్దరూ ఒప్పుకున్నారు. ఇద్దరూ మోసం చేస్తున్నారు. రెండోసారి పోయినవాటిని గ్యారంటీగారు జేబులో వేసుకుని ఇంటికి తెచ్చుకుంటాడు. ఇంకా చూడనివాటిని అల్లుడు ఆయన కాఫీ తాగే సమయంలో కొలిమి వైపు జరుపుతాడు. మొన్న సెలవు రోజున ఒకే బల్బును చెరోవైపూ పట్టుకుని నిలబడ్డ ఇద్దరినీ అత్తగారు చూసింది.

"వదలండి మామయ్యగారూ, ఇది రెండోసారి."

"మొదటిసారే. నాకు గుర్తుంది. దీని దగ్గు వేరు."

"బల్బుకి దగ్గేమిటండీ?"

"మీకు వినపడదు లెండి."

ఆవిడ వాళ్లని విడదీయలేదు. ఫ్లాస్కులోంచి తనకొక్కదానికే కాఫీ ఒంపుకుని, షెడ్డు నీడలో కుర్చీ లాక్కుని కూర్చుంది.